వక్రమార్గ నిషేధం

రాష్ట్ర సూక్ష్మ యంత్ర భాగాల సంస్థలో తప్పులు జరగడాన్ని ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి నిలిపివేశారు. ఆ మేరకు ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు కింద జనరల్ మేనేజర్ పరాంకుశం గారి సంతకం, సంతకం కింద ముద్ర, ముద్ర కింద "అందరూ చదివి సంతకం చేయవలెను" అన్న మాట ఉన్నాయి. నగర శివార్లలోని ఆ కార్ఖానాలో రెండు వందల పద్నాలుగు మంది పనిచేస్తారు. అందరూ చదివి సంతకం చేశారు. చదవనివాళ్లు ముందుగా చేశారు.

ఈ ఉద్యమం పేరు "శూన్య దోష సంకల్పం". దాన్ని నడపడానికి విద్యాధర్ అనే అధికారిని ప్రధాన కార్యాలయం పంపింది. ఆయనకు తప్పుల మీద పట్టుదల ఉంది గాని, యంత్రాల మీద ప్రత్యేకమైన అభిప్రాయాలేవీ లేవు. రిబ్బను కత్తిరించడం పాతబడిపోయిందని, సంకల్పాన్ని కొత్త రకంగా ప్రారంభించాలని ఆయనే సూచించాడు. జనరల్ మేనేజర్ గారు, కంప్యూటరు ఆదేశాలతో లోహాన్ని కోసే నాలుగో నంబరు సీఎన్‌సీ మిషను ముందు నిలబడి, ఆ మిషనును నడిపే ప్రోగ్రాములో ఒక లైనును స్వహస్తాలతో టైపు చెయ్యాలి. అది ప్రారంభోత్సవం.

ఆ మిషనుకు ప్రోగ్రాములు రాసేదీ, దాన్ని నడిపేదీ ఎర్రోజు ప్రమీల. ఐటీఐ చదివి ఇక్కడ చేరి పంతొమ్మిదేళ్లయింది. పెద్దసారు కోసం ఆమె నూట నలభయ్యో లైనును ఖాళీగా ఉంచింది. ఏం కొట్టాలో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి మిషను అద్దానికి అంటించింది. అందులో ఉన్న అంకె ముప్పై ఆరున్నర. 36.5.

పరాంకుశం గారు చీటీ వైపు ఒకసారి, ఫొటోగ్రాఫరు వైపు మూడుసార్లు చూసి టైపు చేశారు. చప్పట్లు మోగాయి. విద్యాధర్ ఆ ప్రోగ్రాముకు "ఆమోదితం, మార్చరాదు" అని సీలు వేయించి, మిషనులో తాళం పెట్టించాడు. అందరూ భోజనాలకు వెళ్లారు.

ఆ ప్రోగ్రాము బొగడకుంట అనే పట్టణానికి సంబంధించినది. ఆ ఊరి మంచినీళ్ల పంపులు నాలుగు. ఒక్కో పంపు ఇరుసుకు రెండు చివర్లా రెండు బేరింగులు. ఆ బేరింగులు కూర్చునే గుండ్రటి ఇనప గూళ్లు అరిగిపోయాయి. బేరింగు ఊగుతోంది, పంపు వణుకుతోంది, మూడు పంపులు ఆపేశారు. ఊరికి నాలుగు రోజులకోసారి ట్యాంకరు వస్తోంది. మునిసిపాలిటీ వాళ్లు కరిగించిన ఇనుముతో కొత్తగా ఎనిమిది పోతలు పోయించి, లోపల గుండ్రంగా తొలిచి ఇవ్వమని ఇక్కడికి పంపారు. వాటిని తెచ్చినవాడు అక్కడి వాటర్ వర్క్స్ ఇంజనీరు బానోతు హరిలాల్.

"మేడం, ఎప్పుడిస్తరు?" అని అడిగాడు.

"రేపు పొద్దుగాల మొదలు పెడ్త. శుక్రవారం వచ్చి తీస్కపోండ్రి," అంది ప్రమీల.

మర్నాడు మొదటి పోతను బిగించి మీట నొక్కింది. మిషను బుద్ధిగా నూట ముప్పై తొమ్మిది లైన్లు నడిచింది. నూట నలభైలో ఆగిపోయి నెత్తిన ఎర్ర దీపం వెలిగించుకుంది.

సంగతి చాలా చిన్నది. మిషను గుండ్రంగా తిరగాలంటే దానికి మూడు చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, మధ్యబిందువు ఎంత దూరంలో ఉంది. మధ్య నుంచి మొదటికెంత దూరమో, చివరికీ అంతే ఉండాలి. లేకపోతే అది వృత్తం కాదు. మిషనుకు ఆ మాత్రం లెక్క తెలుసు, అందుకే కదలదు. ప్రమీల తెర మీద చూసింది. 35.6 అని ఉంది. పెద్దసారు వేళ్లు ఆరునూ అయిదునూ తారుమారు చేశాయి.

దిద్దడానికి పది సెకన్లు చాలు. కాని తాళంచెవి విద్యాధర్ దగ్గరుంది. ఆమె ఆయన గదికి వెళ్లింది.

"సార్, నూట నలభై లైన్ల ఒక తప్పు..."

విద్యాధర్ చెయ్యెత్తి ఆపాడు. "ఆ మాట వాడకండి. సంస్థలో ప్రస్తుతం తప్పులు లేవు."

"సరే సార్. అంకె మార్చాలె."

"ఎందుకు?"

"తప్పున్నది గనుక."

"చూశారా, మళ్లీ! తప్పును సవరించడానికి ఒక ఫారం ఉండేది. తప్పులు రద్దయినాక ఆ ఫారాన్ని కూడా రద్దు చేశాం. ఇప్పుడు మీరు ఏ ఫారం మీద అడుగుతారు?"

ఆయనే జాలిపడి దారి చూపించాడు. ఆమోదిత ప్రోగ్రాము నడుస్తానంటోంది, మిషను నడవనంటోంది. కాబట్టి ఇది ఆజ్ఞాపాలన సమస్య. ఆ సాయంత్రమే నాలుగో నంబరు మిషనుకు షోకాజ్ నోటీసు అంటించారు. "ఆమోదిత ఆదేశమును ధిక్కరించి, పదిమంది ఎదుట ఎర్ర దీపము వెలిగించి, సంస్థ ప్రతిష్ఠకు భంగము కలిగించినందున మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు దినములలో తెలియజేయవలెను." మిషను మూడు రోజులూ మౌనం వహించింది. దాన్ని నేరాంగీకారంగా నమోదు చేసి, ఎర్ర దీపం తీసేసి ఆకుపచ్చ దీపం బిగించారు. అయినా అది నూట నలభయ్యో లైను దగ్గర ఆకుపచ్చగా ఆగిపోయింది.

శుక్రవారం హరిలాల్ జీపులో వచ్చాడు. ఖాళీ జీపుతో వెళ్లాడు.

సోమవారం నాడు సమావేశం జరిగింది. విద్యాధర్ గత ఏడాది మిషన్లు ఆగి ఎర్ర దీపం వెలిగించిన అలారాలన్నీ కూర్చి పట్టిక తయారుచేశాడు. అందులో ఒక భయంకర సత్యం బయటపడింది. వంద అలారాల్లో డెబ్బై ఒకటి గుండ్రంగా తిరిగేటప్పుడు వచ్చినవే. తిన్నగా వెళ్లేటప్పుడు దాదాపు రాలేదు.

పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే తిన్నగా పోయినంతకాలం మనకు సమస్య లేదు. వంకర పోయినప్పుడే వస్తోంది. ఇది యంత్రాలకే కాదు, జీవితానికీ వర్తిస్తుంది."

అందరూ రాసుకున్నారు. మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు వెలువడింది. "సంస్థ యందు ఇకపై ఎవరును వక్రమార్గములు అనుసరించరాదు. సమస్త పనులును ఋజుమార్గమున మాత్రమే నిర్వహింపబడవలెను."

ప్రమీల దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత తనిఖీ గదికి వెళ్లి కరీముల్లా ముందు కూలబడింది. కరీముల్లా ముప్పై ఏళ్లుగా ఈ కార్ఖానాలో తయారైన ప్రతి ముక్కనూ కొలిచి పంపే మనిషి. రెండేళ్లలో రిటైరవుతాడు.

"గుండ్రం బందయిందంట కరీమ్ భాయ్."

"విన్న చెల్లె. మరి గూడు ఎట్ల చేస్తవ్? పెట్టె లెక్క నాలుగు మూలలు పెడ్తవా?"

ప్రమీల నవ్వలేదు. కాసేపు కాగితం మీద గీతలు గీసింది. వృత్తాన్ని ఏడు వందల ఇరవై ముక్కలు చేస్తే, ఒక్కో ముక్క గోటి మందం కూడా ఉండని తిన్నని గీత. ఏడు వందల ఇరవై తిన్నని గీతలు పక్కపక్కన పెడితే కంటికే కాదు, కరీముల్లా కొలమానానికి కూడా అది వృత్తమే. ఉత్తర్వు ప్రకారం అంతా ఋజుమార్గం. ఇరవై ఆరు లైన్లతో అయ్యే తొలుపు పని ఏడు వందల పై చిలుకు లైన్లయింది. రెండు రోజులు కూర్చుని రాసింది. విద్యాధర్ లైను లైనుకూ వేలు పెట్టి చూసి, ఎక్కడా వంకర లేదని తృప్తిపడి, దగ్గరుండి నడిపించాడు.

మొదటి గీత మీదే మిషను ఆగింది.

ప్రమీల చూసి నాలుక కరుచుకుంది. "అయ్యో, ఇది నా తప్పే సార్. కట్టరు మందంల సగం కన్న మొదటి అడుగు చిన్నగ పెట్టిన. దానికి పక్కకు జరగనీకె జాగ లేదు." అని ఆ అడుగును పెద్దది చేయబోయింది.

వర్క్‌షాపులో అందరూ ఆమె వైపు తిరిగారు. ఏప్రిల్ ఒకటి తర్వాత ఆ ఆవరణలో ఒక మనిషి తన తప్పు తనది అనడం అదే మొదలు. విద్యాధర్ ముఖం పాలిపోయింది. కాని ఆయన చూపు ఇంకోచోట ఉంది. తెర మీద అలారంలో ఒక మాట మెరుస్తోంది.

"కాంపెన్సేషనా? ఎవరికిస్తున్నారు కాంపెన్సేషన్?"

"టూలుకు సార్."

"ఎంత?"

"ఆరు."

"ఎవరు మంజూరు చేశారు?"

ప్రమీల ఓపిగ్గా చెప్పింది. టూలంటే కోసే కట్టరు. దాని మందం పన్నెండు మిల్లీమీటర్లు. దాని నడిబొడ్డును గీత మీద నడిపిస్తే, అంచు ఆరు మిల్లీమీటర్లు అవతలికి కోసేస్తుంది. అందుకని మిషను కట్టరును ఆరు మిల్లీమీటర్లు లోపలికి జరిపి నడుపుతుంది. ఆ జరపడం పేరే కాంపెన్సేషన్. అది లేకుండా కోస్తే గూడు పాడైపోతుంది.

విద్యాధర్ అంతా విన్నాడు. విని, కాంపెన్సేషన్ అన్నది సంక్షేమ సంఘం పరిధిలోని విషయమనీ, సాంకేతిక సిబ్బంది తమంతట తాము ఇచ్చుకునేది కాదనీ తేల్చాడు. ఫైలు సంక్షేమ సంఘానికి వెళ్లింది. అక్కడినుంచి ప్రశ్నలు వచ్చాయి. సదరు టూలు ఏ తేదీన, ఏ ప్రమాదమున గాయపడినది? ప్రమాద సమయమున విధి నిర్వహణలో ఉన్నదా? వైద్య ధ్రువపత్రము జతపరచబడలేదు. ప్రోగ్రామున ఎడమవైపు కాంపెన్సేషన్ అని రాసి ఉన్నది, గాయము ఎడమవైపేనా?

ప్రమీల జవాబులు రాసింది. టూలు ఏ ప్రమాదంలోనూ గాయపడలేదని రాసింది. గాయపడని టూలుకు కాంపెన్సేషన్ ఇవ్వడం నిబంధనలకు విరుద్ధమని దరఖాస్తు తిరస్కరించారు. ప్రోగ్రాములో ఆరు ఉన్నచోట సున్నా పెట్టించారు.

"ఇప్పుడు నడపండి," అన్నాడు విద్యాధర్.

"నడపను సార్. మంది సొమ్ము అది, వాళ్ల పోత. రెండు దిక్కుల కలిపి పన్నెండు మిల్లీమీటర్లు ఎక్కువ కోసేస్తది."

"సున్నా పెడితే సున్నా దోషమే వస్తుంది కదండీ," అని విద్యాధర్ స్వయంగా మీట నొక్కాడు.

మిషను నడిచింది. ఏడు వందల ఇరవై గీతలూ ఆగకుండా, అలారం లేకుండా, తళతళలాడే ఇనప తురుము విరజిమ్ముతూ నడిచింది. అది పోతను తినేస్తుంటే ప్రమీల చూడలేక కిటికీ వైపు తిరిగింది. చివర్లో పని ముగిసినట్టు చెప్పే ఆకుపచ్చ దీపం వెలిగింది. విద్యాధర్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

కరీముల్లా కొలిచాడు. ముప్పై ఆరున్నరకు రెట్టింపుగా డెబ్బై మూడు మిల్లీమీటర్లు ఉండాల్సిన గూడు వెడల్పు ఎనభై అయిదు ఉంది. ఆయన రెండోసారి కూడా కొలిచి, "సార్, ఇది రిజెక్ట్," అన్నాడు.

"అలారం వచ్చిందా?"

"రాలే."

"అలారం రానప్పుడు తప్పు లేదు. తప్పు లేనప్పుడు ముక్క సరైనది. సరైన ముక్కతో డ్రాయింగు సరిపోకపోతే, సవరించవలసినది డ్రాయింగును."

ఆ మధ్యాహ్నమే డ్రాయింగు సవరించారు. డెబ్బై మూడు కొట్టేసి ఎనభై అయిదు వేసి, పెద్దసారు సంతకం చేశారు. ముక్క ఆమోదం పొందింది.

హరిలాల్ మూడోసారి వచ్చినప్పుడు తనతో ఒక బేరింగు తెచ్చుకున్నాడు. ఆమోదించిన గూట్లో దాన్ని పెట్టాడు. అది ఇటునుంచి పెడితే అటునుంచి టేబులు మీద పడి దొర్లుకుంటూ పోయింది. అతను దాన్ని వంగి తీసుకుని, నేరుగా జనరల్ మేనేజర్ గదికి వెళ్లాడు. ప్రమీలను కూడా పిలిపించారు.

"బేరింగు చిన్నదై ఉంటుంది," అన్నారు పరాంకుశం గారు. "పెద్దది కొనుక్కోండి."

"సార్, బేరింగ్ పెద్దగైతే ఇరుసు పెద్దగ కావాలె. ఇరుసు పెద్దగైతే పంపు మార్చాలె, పంపు మారిస్తే మోటరు మార్చాలె, మోటరు పెద్దగైతే పంప్‌హౌజే సరిపోదు..."

"మార్చండి. అన్నీ పెద్దవవుతాయి. ఊరు అభివృద్ధి చెందుతుంది. మా సంస్థ దానికి నాంది పలికిందన్న తృప్తి మాకు చాలు."

హరిలాల్ గొంతు పెద్దదిగా లేదు. "సార్, మా ఊర్ల పదకొండు వేల ఇండ్లున్నయ్. ఉన్న ఒక్క పంపు గూడ ఇయ్యాల్నో రేపో ఆగుతది. నిన్న ట్యాంకర్ కాడ కొట్టుకుంటే ఒకామెకు తల పగిలింది. ఆమెను నేనే దవాఖానకు తీస్కపోయిన. నాకు అభివృద్ధి వద్దు సార్. డెబ్బై మూడు కావాలె."

"మీ భావోద్వేగాన్ని నమోదు చేసుకున్నాం," అన్నాడు విద్యాధర్.

ప్రమీల ఆ రోజు ఇంటికి వెళ్లే బస్సులో, తల పగిలిన ఆ పేరు తెలియని ఆవిడ గురించే ఆలోచించింది. సున్నా ఉన్నచోట ఆరు వేస్తే చాలు. కాని అది కూడా అతిక్రమణే. గుండ్రంగా కోసినా అతిక్రమణే. దేనికైనా ఒకటే శిక్ష. తప్పు చేసిందని ఎటూ రాస్తారు, అలాంటప్పుడు సరిగ్గానే చేద్దాం అనుకుంది. అనుకోగానే ఆమెకు చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకు, అందరూ చూస్తుండగా, నాలుగో నంబరు మిషనులోకి తన పాత ప్రోగ్రామును తన చేత్తోనే మళ్లీ ఎక్కించింది. అది కొత్త నంబరుతో ఎక్కింది గనుక తాళం అడ్డురాలేదు. నూట నలభయ్యో లైనులో 36.5 కొట్టింది. టూలుకు ఆరు మిల్లీమీటర్ల కాంపెన్సేషన్ మంజూరు చేసింది. మీట నొక్కింది. ఇరవై నిమిషాల్లో ముక్క దిగింది. వేడి తగ్గకముందే చీరకొంగుతో పట్టుకుని కరీముల్లా దగ్గరికి తీసుకెళ్లింది.

ఆయన కొలిచాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. గోటితో లోపలంతా తడిమాడు.

"డెబ్బై మూడు. వెంట్రుక వాసి తేడా లేదు చెల్లె. శానా దినాలైంది ఇసొంటి ముక్కను ముట్టుకొని." తర్వాత గోడకున్న సవరించిన డ్రాయింగు వైపు చూశాడు. "గానీ డ్రాయింగ్ల ఎనభై అయిదున్నది. నేను దీన్ని పాస్ చేస్తే నా నౌకరి పోతది."

"తెలుసు భాయ్. నిన్ను పాస్ చెయ్యమంట లేను. నాకు నీ నోటితోని డెబ్బై మూడు అని వినాలెననిపించింది, గంతే."

కరీముల్లా గడ్డం గోక్కున్నాడు. సొరుగులోంచి నిబంధనల పుస్తకం తీసి, వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగి, గట్టిగా చదివాడు. "ఖాతాదారుడు సరఫరా చేసిన ముడిసరుకు తిరస్కరణకు గురైనచో, దానిని అదే దినమున ఖాతాదారునికి తిరిగి అప్పగించవలెను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కరీముల్లా లేచి ఎర్ర రంగు డబ్బా తెరిచాడు. ఆ అందమైన ముక్క మీద, బయటివైపు, లోపల ఒక్క చుక్క పడకుండా, అడ్డంగా పెద్ద గుర్తు వేశాడు. రిజిస్టర్లో "తిరస్కరించడమైనది" అని రాశాడు. ముందురోజు నుంచీ ఊరికి వెళ్లకుండా కార్ఖానా బయట జీపులోనే కూర్చుని ఉన్న హరిలాల్‌కు దాన్ని రెండు చేతులతో అందించాడు. ఆమోదం పొందిన ముక్కను కూడా ఇచ్చాడు. హరిలాల్ బేరింగును ఎర్ర గుర్తున్న గూట్లో పెట్టి బొటనవేలితో నొక్కాడు. అది మెల్లగా, గాలిని తోసుకుంటూ కూర్చుంది. అతను ఇంకేం అడక్కుండా జీపు స్టార్టు చేశాడు.

నాలుగో రోజున ప్రమీల మీద విచారణ. పెద్దసారు గది, పొడుగు బల్ల, ఒక చివర ఆమె. విద్యాధర్ అభియోగాలు చదివాడు. "ఒకటి, వక్రమార్గమును అనుసరించుట. రెండు, గాయపడని టూలుకు కాంపెన్సేషన్ ఇచ్చుట. మూడు, ఆమోదిత అంకెను ధిక్కరించుట."

"ఎవరి అంకెను మార్చారో మీకు తెలుసా?" అని పరాంకుశం గారు అడిగారు.

ప్రమీలకు కూతురి కాలేజీ గుర్తొచ్చింది. పంతొమ్మిదేళ్ల నౌకరీ గుర్తొచ్చింది. అయినా అబద్ధం ఎలా చెప్పాలో ఆ క్షణాన తోచలేదు.

"మీ అంకెనే సార్. ముప్పై ఆరున్నర కొట్టేది ఉండె, మీరు ముప్పై అయిదు పాయింట్ ఆరు కొట్టిండ్రు. ఎవరికైనా అయితది. నాకు నెలకు పదిసార్లు అయితది. చూస్కొని దిద్దుకుంట. గంతే సార్, అందుల ఏమున్నది?"

పరాంకుశం గారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన ఏదో అనబోతుండగా అటెండరు ఒక ఉత్తరం తెచ్చి ముందు పెట్టాడు. బొగడకుంట మునిసిపాలిటీ నుంచి వచ్చింది. పరధ్యానంగా విప్పి, చదవమని విద్యాధర్‌కు ఇచ్చారు.

విద్యాధర్ చదివాడు. "అయ్యా, మీరు ఆమోదించి పంపిన బేరింగ్ గూడు మా అవసరములకు ఉపయోగపడలేదు. మీరు తిరస్కరించి పంపిన గూడు మాత్రము అత్యంత సంతృప్తికరముగా పనిచేయుచున్నది. దానికి తక్కువ అరిగిన పాత గూడు ఒకటి జతచేయగా రెండవ పంపు నడుచుచున్నది. కావున మిగిలిన ఆరింటిని కూడ తమరు దయతో తిరస్కరించి పంపవలసినదిగా ప్రార్థన. ఆమోదించిన దానికి బదులుగా మరొక పోత పంపుచున్నాము. దానిని కూడ తిరస్కరించగలరు."

మొదట తేరుకున్నవాడు విద్యాధర్.

"సార్, ఇది ప్రశంసాపత్రం. మన తిరస్కరణ ప్రమాణాలు ఎంత ఉన్నతంగా ఉన్నాయంటే, మనం వద్దన్న సరుకు కూడా బయట అద్భుతంగా పనిచేస్తోంది!"

పరాంకుశం గారు ఆ మాటను నోట్లో చప్పరించి చూశారు. చెవుల ఎరుపు దిగింది. విచారణ అక్కడితో ముగిసింది. ఎవరిదీ తప్పు లేదని తేలింది. నూట నలభయ్యో లైను చారిత్రకమైనది గనుక ఉన్నది ఉన్నట్టుగా భద్రపరచాలనీ, వక్రమార్గ నిషేధం, టూలు కాంపెన్సేషన్ నిషేధం ఆమోదిత సరుకుకు మాత్రమే వర్తిస్తాయనీ నిర్ణయించారు. తిరస్కరణ కోసం ఒక ప్రత్యేక విభాగం ఏర్పాటు చేసి, దానికి ఎర్రోజు ప్రమీలను ఇన్‌ఛార్జిగా వేశారు.

ఆ వారంలో ఏడు ముక్కలు వరసగా తిరస్కరణకు గురయ్యాయి. కరీముల్లా ఒక్కోదాన్నీ కొలిచి, మురిసిపోయి, ఎర్ర గుర్తు వేశాడు. హరిలాల్ ఫోను చేసి, నాలుగు పంపులూ నడుస్తున్నాయని, ఊళ్లో నల్లాలు పారుతున్నాయని చెప్పాడు. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి, నెల తిరిగేసరికి పదకొండు ఊళ్ల నుంచి సరుకు వచ్చింది. ప్రతి ఉత్తరంలోనూ తమ సరుకును ఎట్టి పరిస్థితుల్లోనూ ఆమోదించవద్దని రాసి ఉంది.

నెలాఖరున విద్యాధర్ కొత్త పట్టికతో ప్రమీల దగ్గరికి వచ్చాడు. మిషను ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మీ విభాగానికి లక్ష్యం పెట్టారండీ. వచ్చే నెల నూటికి నూరు శాతం తిరస్కరణ సాధించాలి. సాధ్యమవుతుందా?"

ప్రమీల చేతులకంటిన నూనెను గుడ్డతో తుడుచుకుంటూ ఆలోచించింది.

"అయితది సార్. గానీ శానా జాగ్రత్తగ చెయ్యాలె," అంది. "ఒక్క ముక్క గూడ ఖరాబు కావద్దు."